మంచినీళ్ళతో కడిగిన మిషను

మా వీధి గదిలో పని బల్ల ఇంకా ఉంది. దాని మీద మా ఆవిడ ఇప్పుడు ఉల్లిపాయలు ఆరబోస్తోంది. చెయ్యి వణకడం మొదలయ్యాక స్క్రూడ్రైవరు పట్టడం నా అంతట నేనే మానేశాను. వణికే చేత్తో చిన్న స్క్రూ బిగిస్తే దాని తల అరిగిపోతుంది, నా తర్వాత ఆ మిషను విప్పేవాడు నన్ను తిట్టుకుంటాడు. ఈ వయసులో ఆ తిట్లు ఎందుకని.

కరెంటు పనిముట్లు బాగుచెయ్యడం నా వృత్తి. డ్రిల్లులు, కటింగ్ మిషన్లు, చిత్రిక పట్టే ప్లానర్లు, నున్న చేసే సాండింగ్ మిషన్లు. విజయనగరంలో ఒక డీలరు షాపులో రిటైరయ్యేదాకా చేశాను. ఆ తర్వాత శ్రీకూర్మం దగ్గర మా ఊరొచ్చి ఇంట్లోనే చేశాను. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి ఎలా నేర్చుకోవాలని అడుగుతారు. ఫోన్లో వీడియోలున్నాయి కదా, చూడండి అంటాను. వెటకారం కాదు, నిజంగానే అంటాను. ఏ స్క్రూ ముందు విప్పాలో వీడియో చక్కగా చెబుతుంది. మిషను పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం చెప్పదు. నాకు కష్టమైనదల్లా అదే. అందుకని దాని గురించే రాస్తున్నాను. సరదాగా ఉండదు, ముందే చెప్పేస్తున్నాను.

పాపారావు గారి దగ్గర

షాపు ఓనరు పాపారావు గారు. మంచివాడా చెడ్డవాడా అంటే నేను ఇప్పటికీ తడుముకుంటాను. నాకు పని నేర్పింది ఆయనే.

"ఏటయ్యింది అని అడక్కురా," అనేవారు. "అలగడిగితే ఎవుడైనా ఏటీ అవనేదనే సెప్తాడు. పనయ్యాక దీన్ని ఎక్కడ పెడతావు అని అడుగు."

అది ఎంత మంచి ప్రశ్నో అడగ్గా అడగ్గా తెలిసింది. మనిషి తన తప్పు దాచుకుంటాడు గాని తన అలవాటు దాచుకోడు. దాచుకోవాలని తోచదు కూడా. పశువుల పాకలో పెడతానన్నవాడి డ్రిల్లు లోపల తుప్పు ఉంటుంది. గోనె సంచి మీద పడేస్తానన్నవాడి స్విచ్చిలో పీచు ఇరుక్కుని ఉంటుంది. మిషను విప్పకుండానే సగం రోగం తెలిసిపోయేది.

అదే పాపారావు గారు ఒకసారి శృంగవరపుకోట నుంచి వచ్చిన వడ్రంగితో, నా ఎదురుగానే, "మోటారు కాలిపోనాది, ఇంక బాగవదు" అనేశారు. కాలిందేమీ లేదు. మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయి, అంతే. అవి మారిస్తే ఆ ప్లానరు ఇంకా ఏళ్ళ తరబడి నడిచేది. వడ్రంగి కొత్తది కొనుక్కుని వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది. అతను గడప దాటగానే అడిగేశాను. "యాపారం గురించి నీకేటి తెలుసురా, నీ పని నువ్వు సూసుకో" అని నలుగురిలో గడ్డి పెట్టారు.

బాగయ్యే మిషనుని బాగవదని చెప్పకూడదని ఆ రోజే అనుకున్నాను. నా అంతట నేను పెట్టుకున్న నియమం అదొక్కటే, మిగతావన్నీ షాపు నియమాలు. రిటైరయ్యేదాకా దాన్ని తప్పలేదు.

ముందు విప్పకండి

బ్యాటరీ సాండింగ్ మిషన్లు మా వైపు ఆలస్యంగా వచ్చాయి. నేను ఇంట్లో బల్ల వేసుకున్న కొత్తలోనే అవి బల్ల మీదికి రావడం మొదలైంది. అరచేత్తో పైనుంచి పట్టుకునే చిన్న మిషను, కింద గుండ్రటి పాడ్, పాడ్‌కి అంటుకునే గరుకు కాగితం. ఆ పాడ్ గుండ్రంగా తిరుగుతూనే పక్కలకి కూడా ఊగుతుంది. అందుకే దీనితో రుద్దితే గీతలు పడవు. ఈ రెండు కదలికల్లో ఏది పోయిందో ముందు చూసుకోవాలి.

అస్సలు తిరగడం లేదంటే మొదట బ్యాటరీ. మీటరు పెడితే నిండుగా చూపిస్తుంది, నమ్మకండి. నడుస్తుండగా చూడాలి. లోపల ఒక్క సెల్ నీరసించినా బరువు పడగానే ఓల్టేజి కూలబడిపోతుంది. బ్యాటరీ మంచిదే అయితే, దాన్ని ఊడదీసి, అది కూర్చునే చోట రేకులు చూడండి. సముద్రం దగ్గర అవి పచ్చబడి పోతాయి. సన్న గరుకు కాగితంతో సుతారంగా రుద్ది తుడిస్తే చాలా మిషన్లు అక్కడికక్కడే లేచి కూర్చుంటాయి. అప్పటికీ లేవకపోతే స్విచ్చి, తర్వాత బ్రష్షులు.

గాల్లో పట్టుకున్నప్పుడు పాడ్ గిర్రున తిరిగిపోయి, చెక్కకి తాకించగానే గాటు పెడుతోందంటే పాడ్ పైన ఉండే రబ్బరు రింగు అరిగిపోయిందన్నమాట. ఆ వేగానికి కళ్ళెం వేసేది అదే. తాకించగానే తిరగడం మానేసి ఊరికే వణుకుతోందంటే, వాడే మనిషి మీద పడి నొక్కుతున్నాడేమో చూడండి, మిషను బరువే చాలు దానికి. నొక్కకపోయినా అంతేనంటే బేరింగ్. అప్పుడు చప్పుడు కూడా మారుతుంది, గరగరమంటుంది. పాడ్ విప్పి వేలితో తిప్పితే ఇసక నమిలినట్టు తగులుతుంది. కాగితం ఊడి ఎగిరిపోతోందంటే పాడ్ అడుగున దాన్ని పట్టుకునే ముళ్ళు వేడికి కరిగిపోయాయి. పాడ్ మార్చెయ్యండి, బంక రాసి అతికించే తెలివితేటలు వద్దు.

ఇంతే. ఇందులో ఇంతకు మించిన విద్య లేదు.

సింహాచలం

సింహాచలం అనే అతను మా ఊరికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున పల్లెలో ఉండేవాడు. చిన్నప్పటి నుంచి చేపల వేటే. ఆ తర్వాత ఆ పల్లెలో చాలామందిలాగే గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేశాడు. అక్కడే ఒక షెడ్డులో ఫైబరు అతికే పని నేర్చాడు. తిరిగొచ్చాక మా తీరంలో ఎవరి ఫైబరు తెప్ప పగిలినా అతనే అతికేవాడు. పగిలిన చోట ఫైబరు గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పూసి, గట్టిపడ్డాక నున్నగా రుద్దాలి. ఒడ్డున కరెంటు ఉండదు గనక బ్యాటరీ మిషను కావాలి. వేరావల్లో ఎవరో వాడినది తెచ్చుకున్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు మిషనులో చలనం లేదు.

"ఏటీ అవనేదు మావా," అన్నాడు, నేను అడక్కముందే. "నిన్నటేల దాకా బాగానే తిరిగినాది."

"పనయ్యాక దీన్ని ఎక్కడ పెడతావురా?"

"ఎక్కడేటి, కడిగీసి సూరుకి యేలాడదీస్తాను."

"కడిగీసా?"

"మరి? మంచినీల్లతోటి. ఉప్పుగాలి కదా మావా, తినేస్తాది."

ఆ చెప్పడంలో గర్వం కూడా ఉంది. నాకు నవ్వొచ్చింది గాని కోప్పడలేకపోయాను. వేట నుంచి వచ్చాక తెప్ప ఇంజనుని మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే ఉప్పు పట్టి పాడవుతుంది. కడగనివాణ్ణి ఆ పల్లెలో సోమరిపోతు అంటారు. మిషనుని బాగా చూసుకోవడమంటే వాళ్ళకి స్నానం చేయించడమే. అంత శ్రద్ధగా మిషనుని పాడుచేసుకున్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

విప్పి చూస్తే ఫైబరు పొడి నీళ్ళతో కలిసి ముద్దయి, బేరింగ్ చుట్టూ గట్టిపడిపోయి ఉంది. బేరింగ్, రబ్బరు రింగు మార్చాను. రేకులు తుడిచాను. ఇంజనుకి నీళ్ళు గాని దీనికి కాదు, బ్రష్షుతో దులిపి పొడి గుడ్డతో తుడువు అని చెప్పాను.

"అస్సల నీల్లే తగలకూడదా?" అన్నాడు, పిల్లాడికి స్నానం వద్దన్నట్టు దిగాలుగా.

"తగలకూడదు. సరేగాని, పొడి పడే డబ్బా ఏదిరా దీనికి?"

"పారేసినాను. ఊరికే నిండిపోతాది, ఇప్పడం, దులపడం. గాలి పట్టుకుపోతాది కదా మావా."

గాలి పట్టుకుపోదు. ఆ తర్వాత ఒకసారి అటు పనుండి వెళ్ళినప్పుడు చూశాను. తడి రెసిన్ మీద ఇసక పడకుండా తెప్పని గాలికి అడ్డంగా తిప్పి, గాలి తగలని వైపు కూర్చుని చేస్తారు. అక్కడ పొడి ఎక్కడికీ పోదు, మనిషి చుట్టూనే తిరుగుతుంది. సింహాచలం కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా అయిపోయాయి. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. ఆ పొడిని తువ్వాలు ఆపదు. మంచి మాస్కు కొనుక్కోమన్నాను. కొన్నాడు. ఉక్కపోస్తోందని మెడలో వేలాడేసుకున్నాడు.

ఆపాక వినిపించిన చప్పుడు

హుద్‌హుద్ తుఫాను పోయాక మా ఒడ్డున పగలని తెప్ప లేదు. సింహాచలానికి తిండి తినే తీరిక లేకుండా పోయింది. ఆ పని ఒక కొలిక్కి వచ్చాక మిషను పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి నీళ్ళు తగల్లేదు, నా మాట తు.చ. తప్పకుండా విన్నాడు. బేరింగ్ మాత్రం పొడి తినేసి ఉంది.

బ్యాటరీ పెట్టి స్విచ్చి నొక్కాను. గరగరమని చప్పుడు. ఆపాను. పాడ్ నిలిచిపోయింది, గరగర మాత్రం ఆగలేదు. లోపల ఏదో ఇంకా తిరుగుతోందనుకుని మిషను చెవి దగ్గర పెట్టుకున్నాను. అందులోంచి కాదు. బల్లకి అవతల స్టూలు మీద సింహాచలం నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆ చప్పుడు అతని ఛాతీలోంచి వస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచిరా ఈ పిల్లికూతలు?"

"సలిగాలి కదా మావా," అన్నాడు. తర్వాత నవ్వి, "దానికెలాగూ మారుస్తావు కదా, నాకూ ఒక బేరింగు మార్సీ," అన్నాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, ఎంతకీ తెగలేదు. నాకు భయమేసింది. శ్రీకాకుళం వెళ్ళి ఛాతీ ఫొటో తీయించుకోమని గట్టిగా చెప్పాను. బేరింగ్ విజయనగరం నుంచి తెప్పించాలి గనక మిషను నా దగ్గరే ఉంచి వెళ్ళాడు.

నూకమ్మ

అతని కంటే ముందు అతని భార్య నూకమ్మ వచ్చింది. ఊళ్ళలో తిరిగి చేపలమ్ముతుంది. ఖాళీ తట్ట గుమ్మంలో బోర్లించి, మెట్టు మీద కూలబడింది.

"మా ఇంటాయన మిషను బాగయ్యిందా బాబూ?"

"బేరింగ్ వచ్చింది. పూట పని, అంతే."

"బాగవదని సెప్పీ."

నాకు వెంటనే బోధపడలేదు. ఆమే మళ్ళీ చెప్పింది. "ఆస్పత్రిలో ఫొటో తీసినారు. ఊపిరితిత్తులు పాడైపోనాయి, ఆ పొడి పని ఒగ్గీమన్నారు. నాను సెప్తే యినడు. నివ్వు సెప్తే యింటాడు. మిషను పోనాదని సెప్పీ బాబూ. అది నేకపోతే ఎలగ సేస్తాడు, మానుకుంటాడు."

"నేను అలా చెప్పనమ్మా. ఎవరికీ చెప్పలేదు."

"అబద్దం ఆడమంటన్నాను, నాకు తెల్దా? తెలిసే అడుగుతన్నాను."

పాపారావు గారు చెప్పిన అబద్ధానికీ ఈవిడ అడుగుతున్నదానికీ ఎంత తేడా ఉందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఆవిడ బతిమాలలేదు, ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది, అంతే. సరేనన్నాను. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కూర్చుని చేసే పని

సింహాచలం బస్సు దిగి మా ఇంటికి రావడానికి చాలాసేపు పట్టింది. దారిలో పక్కింటి అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకోవడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది. లోపలికి రాగానే, ఇంక ఆగితే చెప్పలేనని చెప్పేశాను.

"మోటారు కాలిపోయిందిరా. ఇంక బాగవదు."

అతను వాదిస్తాడనుకున్నాను. లేదు. "నివ్వే సెప్పినావంటే పోనట్టే," అన్నాడు. నన్ను అంత నమ్మడం నాకు భరించరానంత కష్టమైంది.

స్టూలు మీద కూలబడ్డాడు. "మావా, కూకుని సేసీ పని ఇంకేటున్నాది నాకు?"

"వలలు కుట్టుకో."

"కల్లు ఆనవు, సూది కానరాదు. యేటకి ఎల్లలేను. తెప్ప నీల్లలోకి తొయ్యాలంటే ఊపిరి సాలదు. మా నూకమ్మ తట్ట నెత్తికెత్తుకుంటే సెయ్యి సాయం పట్టనేకపోతన్నాను. ఆ మిషనుంటే తెప్ప నీడన కూకుంటాను. నలుగురొస్తారు. సిమ్మాచలం, ఇక్కడ సూడు, అక్కడ రుద్దు అంటారు. ఇంటికాడ కూకుంటే ఎవులొస్తారు మావా?"

"ఆసుపత్రిలో మానెయ్యమన్నారటగా."

"మానీమన్నారు. మానీసినా పోన ఊపిరి తిరిగి రాదని కూడా అన్నారు. ఆ రెండో మాట నూకమ్మకి తెల్దు. నివ్వు సెప్పకు."

మానెయ్యమని అప్పుడూ అన్నాను. మానేస్తే ఉన్నదైనా నిలుస్తుంది కదా అన్నాను. "నిలబెట్టుకుని ఏటి సెయ్యాలి, గోడ సూసుకోవాలా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే నన్ను అడుగుతున్నాడు.

"ఉండు, ఇంకోసారి చూస్తాను," అన్నాను.

తలెత్తి నా మొహం చూశాడు. "నూకమ్మ వచ్చినాదా?" అన్నాడు. నేను మిషను విప్పుతూ కూర్చున్నాను. అతను మళ్ళీ అడగలేదు.

కొత్త బేరింగ్ వేశాను. ఇంకో పాత మిషను డబ్బా తీసి, మూతి అరగదీసి, దీనికి సరిపోయేలా బిగించాను. డబ్బా లేకుండా నడిపితే ఇంక నా గుమ్మం ఎక్కొద్దన్నాను. మిషనుతో పైపైన పోనిచ్చి, మిగతాది నీళ్ళు చల్లుకుంటూ వాటర్ పేపరుతో చేత్తో రుద్దుకో, పొడి లేవదు అన్నాను. అన్నిటికీ తలూపాడు. కొన్నాళ్ళు చేశాడని, ఊపిరాడక చేత్తో రుద్దడం మానేశాడని తర్వాత తెలిసింది.

కొత్తవాళ్ళకి

బాగయ్యే మిషనుని బాగవదని చెప్పొద్దని ఒకప్పుడు బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. నూకమ్మకిచ్చిన మాట తప్పి మిషను బాగుచేశాను. బాగుచెయ్యకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. ఈ పని మీకు అన్నం పెడుతుంది గాని ఇలాంటి చోట్ల చెయ్యి పట్టుకుని నడిపించదు. ఒక మాట మాత్రం గట్టిగానే చెబుతాను. ఫైబరు, రాయి, సిమెంటు మీద నడిచిన మిషను విప్పితే, అందులో పొడి చూసిన కళ్ళతోనే తెచ్చిన మనిషినీ ఒకసారి చూడండి. పొడి డబ్బా లేకుండా ఏ మిషనూ తిరిగి ఇవ్వకండి. వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

రిపేరుకి కాదు

మరుసటి ఎండాకాలం సింహాచలం పోయాడు. కార్యక్రమాలన్నీ అయిపోయాక నూకమ్మ వచ్చింది. గుడ్డలో చుట్టిన మిషను బల్ల మీద పెట్టింది.

"రిపేరుకి కాదు బాబూ. ఇది బాగానే ఉన్నాది. ఉంచుకో."

అందరూ చెడిపోయిన మిషన్లు తెచ్చే బల్ల అది. చేతులు అలవాటు కొద్దీ గుడ్డ విప్పాయి. శుభ్రంగా దులిపి ఉంది. నొక్కి చూడబుద్ధి కాలేదు.

"నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానమ్మా," అన్నాను.

ఆవిడ మిషను చుట్టి తెచ్చిన గుడ్డ మడత పెడుతోంది. సింహాచలం చెప్పొద్దన్న మాట కూడా చెప్పేశాను. అతను పోయాక ఇంక దాచి ఎవరిని కాపాడాలి? "మానేసినా పోయింది తిరిగి రాదన్నారట ఆసుపత్రిలో. నీకు చెప్పొద్దన్నాడు."

"నాకూ సెప్పినారు," అంది నూకమ్మ. "నన్ను యేరేగా పిలిసి సెప్పినారు. ఆడికి తెల్దనుకున్నాను."

"తెలిసీ మరి, మిషను బాగవదని ఎందుకు చెప్పమన్నావమ్మా?"

కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండలో నడిచొచ్చిన చెమటా ఏడుపా నాకు తెలియలేదు.

"సేపలమ్మి ఇంటికొచ్చీసరికి మనిసి ఉంటాడని," అంది. "ఉన్నన్నాల్లు ఇంటికాడ ఉంటాడని బాబూ."